పిప్పి పన్ను

2009 వేసవి. చాండ్లర్‌లో మా అపార్ట్‌మెంట్ల లాండ్రీ రూమ్‌లో పరిచయమైన మెక్సికన్ స్నేహితురాలిని ఎట్టకేలకు కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమెకు మూడో కాన్పై రెండు నెలలు. మూడు వారాలుగా సరైన నిద్ర లేదు. పాపకు స్నానం చేయించాలంటే చేతులు వణుకుతున్నాయనీ, ఎక్కడ నీళ్ళలో వదిలేస్తానోనని భయంగా ఉందనీ బట్టలు మడతపెడుతూ నాకొక్కదానికే చెప్పింది. భర్తకు చెబితే, అలాంటి చోటికి పిచ్చివాళ్ళు వెళ్తారన్నాడట. అత్తగారు దేవుడి ముందు కొవ్వొత్తి వెలిగించి ఊరుకుందట.

నాకు ఒళ్ళు మండింది. మా ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రమే అయినా, ఉన్న ఇంగ్లీషంతా పెట్టి ఆమెను దులిపేశాను. "నేను పిచ్చిదానిలా కనబడుతున్నానా? ఆర్నెల్లుగా నేనూ అక్కడికే వెళ్తున్నా. ఇందులో సిగ్గుపడేదేముంది?" ఆ ఒక్క మాట మీదే ఆమె బయల్దేరింది.

ఆ బిల్డింగ్‌లో ఒక తలుపు పళ్ళ డాక్టర్‌ది, పక్కది కౌన్సెలర్‌ది. అందరూ కూర్చునే హాలు మాత్రం ఒకటే. ఆమె పాప నిద్రపోతున్న కార్ సీట్‌ను కాళ్ళ దగ్గర పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది. ఇంకో పది నిమిషాలు ఆమెను అక్కడ ఆపగలిగితే చాలు. ఇవాళ వెనక్కి వెళ్తే మళ్ళీ రాదని నాకు తెలుసు.

అప్పుడే పళ్ళ డాక్టర్ తలుపు తెరుచుకుంది. ఆదివారాలు పిల్లలకు తెలుగు క్లాసు నడిపే అక్క, కొడుకుని వెంటబెట్టుకుని బయటికొచ్చింది.

"ఏమ్మా, నువ్వేంటిక్కడ?"

"డెంటిస్ట్ దగ్గరికక్కా," అనేశాను. ఆలోచించనైనా లేదు. "పిప్పి పన్ను." పైగా చెంప మీద చెయ్యి కూడా వేసుకున్నాను.

మేం మాట్లాడింది తెలుగే. కానీ మన తెలుగులో డెంటిస్ట్ డెంటిస్టే కదా, స్పానిష్‌లోనూ దాదాపు అదే మాట, డెంటిస్టా. నా స్నేహితురాలు నా చెంప మీది చేతిని చూసింది. లేచి కార్ సీట్ అందుకుంది.

"ప్లీజ్, కూర్చో."

"నీకూ సిగ్గే," అంది. "నాకు మాత్రం సిగ్గుపడొద్దని చెప్తావు."

బయటి తలుపు దాకా వెళ్ళిపోయింది. నాకు స్నానపు తొట్టీ, వణికే ఆ చేతులూ కళ్ళ ముందు మెదిలాయి. నా మీద నాకే అసహ్యం వేసింది. అంత గట్టిగా నీతులు చెప్పినదాన్ని, తెలిసిన మనిషి ఒక్కరు ఎదురుపడేసరికి పన్ను నొప్పి తెచ్చుకున్నాను.

"అక్కా, డెంటిస్ట్ కాదు," అన్నాను, హాలంతా వినబడేలా. "నాకు డిప్రెషన్. ఆర్నెల్లుగా ఇక్కడ కౌన్సెలింగ్‌కి వస్తున్నా."

డిప్రెషన్, కౌన్సెలింగ్ అన్న మాటలూ నా స్నేహితురాలికి తెలిసినవే. తలుపు మీద ఆమె చెయ్యి ఆగింది.

అక్క నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "అయ్యో, నీకేం తక్కువమ్మా? భయపడకు, నేనెవరికీ చెప్పన్లే." ప్రేమగానే అంది. అందుకే మరీ కష్టంగా అనిపించింది.

"చెప్పండక్కా. పర్లేదు."

ఇంతలో కౌన్సెలర్ తలుపు తీసి నా స్నేహితురాలిని పిలిచింది. ఆమె నెమ్మదిగా వెనక్కి నడిచొచ్చి కార్ సీట్‌ను నా ఒళ్ళో పెట్టింది. లోపలికి వెళ్ళబోతూ తన చెంప మీద చెయ్యి వేసుకుని, "డెంటిస్టా," అంది నా వైపు చూసి.

నవ్వలేదు. కానీ లోపలికి వెళ్ళింది.