రేడియేటర్లో పోసిన పసుపు

నా చిన్నప్పుడు, సరిగ్గా పదకొండేళ్ళ వయసులో, మూడు వందల యాభై రూపాయల కారు రిపేరుని మూడు రూపాయల్లో తేల్చేశాను. చీపురుపల్లిలో అంత చవగ్గా ఇంజను బాగుచేయించిన మనిషి నాకు ముందు లేరు, తర్వాతా లేరు. ఖర్చయిందల్లా మా కొట్లోని పావుకిలో పసుపు.

మాది కిరాణా కొట్టు. నాకు మొదట వచ్చిన మాట "అమ్మ" కాదు, "ఆఖరి మాట చెప్పు" అని మా అమ్మ వెక్కిరించేది. బేరమాడకుండా తెచ్చిన సరుకు అరగదని మా నాన్న నమ్మకం. బడి వదిలాక నన్ను గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టుకుని, చింతపండు తెచ్చినవాళ్ళతో బేరం నాకే వదిలేసి మీసాల్లో నవ్వుకునేవాడు. పక్కింటి అక్క గాజులు వేయించుకోవాలన్నా నన్ను వెంటబెట్టుకు వెళ్ళేది. రోజూ నాకు జడ వేసేది కూడా తనే. "ఒసే బేరాల గుంటా, నా పురుడుకి మంత్రసానితో నువ్వే మాటాడాల" అనేది, నిండు పొట్ట మీద చెయ్యి వేసుకుని.

కొట్టుతో పాటు నాన్నకి ఒక పాత కారుండేది. పెళ్ళిళ్ళకీ ఆసుపత్రికీ బాడుగకి తిప్పేవాడు. ఆ వేసవిలో దానికి విపరీతమైన దాహం పట్టుకుంది. పొద్దున్న రేడియేటరు నిండా నీళ్ళు పోస్తే సాయంత్రానికి సగం ఉండేవి. కింద చూస్తే చుక్క కారేది కాదు. వెనక గొట్టంలోంచి మాత్రం తెల్లటి పొగ. స్టేషను రోడ్డులో షెడ్డు పెట్టుకున్న మెకానిక్‌ని ఊరంతా మావ అనే పిలిచేది. ఆయన ఇంజనులోంచి ఆయిల్ పుల్ల తీసి నా ముక్కు కింద పెట్టాడు.

"సూడు గుంటా, పాలేసిన టీ లాగ లేదేటి? నీలు ఆయిల్లోకి ఎల్లిపోతన్నాది. హెడ్ గాస్కెట్ పోనాది."

ఇంజనుకీ, హెడ్డు అనే దాని మూతకీ మధ్య బిగించే పల్చటి రేకు అది. అది మార్చాలి. వేడికి ఆ మూత కూడా వంగి ఉంటుంది, దాన్ని విజయనగరంలో లేతు షాపుకి పంపి చదును చేయించాలి, దాన్నే ఫేసింగ్ అంటారు. నాలుగు రోజులు, మూడు వందల యాభై రూపాయలు. నేను రెండు వందల దగ్గర మొదలుపెట్టాను. ఫేసింగ్ తీసేసి లెక్క చెప్పమన్నాను. మావ నవ్వాడు గానీ తగ్గలేదు. "అయితే దూరం తోలకండి సావుకారూ" అని నాన్నతో అని, తన పనిలో పడిపోయాడు.

అవి పెళ్ళిళ్ళ రోజులు. నాలుగు రోజులు కారు ఆగితే నాలుగు బాడుగలు పోతాయి. బీడీల కోసం మా కొట్టుకి వచ్చిన లారీ డ్రైవరు ఒకడు, రేడియేటర్లో పసుపు పోస్తే ఎంత కారేదైనా ఆగిపోతుందని చెప్పాడు. అది రేడియేటరుకి చిల్లు పడితే చేసే వైద్యమని నాకు తెలీదు, అడగనూ లేదు. చవకైన మందు దొరికాక జబ్బు ఏదని ఎవరడుగుతారు? నాన్నని ఒప్పించి, పావుకిలో పసుపు నీళ్ళలో కలిపి నేనే పోశాను. పది రోజులు కారు బాగానే తిరిగింది. నీళ్ళు తరగడం తగ్గింది. ఊరుకున్నానా? షెడ్డుకి వెళ్ళి మరీ చెప్పాను: "మావా, నీ మూడొందల యాభై మా పసుపు డబ్బాలో ఉంది."

ఆయన ఈసారి నవ్వలేదు. "లోపల కన్నం లోపలే ఉన్నాది" అన్నాడు.

పదకొండో రోజు మధ్యాహ్నం పక్కింటి అక్కకి నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందనీ, తన వల్ల కాదనీ, వెంటనే విజయనగరం తీసుకుపొమ్మనీ మంత్రసాని చెప్పింది. నాన్న క్షణం ఆలోచించకుండా కారు తీశాడు. అక్కతో పాటు ఆమె అత్తగారు ఎక్కింది. అక్క నా చెయ్యి వదల్లేదు కాబట్టి నేనూ ఎక్కాను. గరివిడి దాటి కొంచెం దూరం వెళ్ళామో లేదో, ముందంతా ఆవిరి కమ్మేసి కారు ఆగిపోయింది. నాన్న బానెట్ ఎత్తాడు. ఉడికిన పసుపు వాసన గుప్పుమంది, పులిహోర కలిపేటప్పుడు వంటింట్లో వచ్చే వాసన. నాన్న నా వైపు చూశాడు.

ఎండలో గంటన్నర. అక్క అత్తగారు రోడ్డుకి అడ్డంగా నిలబడి కొంగు ఊపుతూనే ఉంది. చివరికి గోగునార మోపులతో వెళ్తున్న లారీ ఆగింది. అక్క నొక్కిన గుర్తులు నా మణికట్టు మీద రెండు రోజులున్నాయి.

అక్క బతికింది. బిడ్డ దక్కలేదు. ముందే వచ్చి ఉంటే దక్కేదా అని నాన్న అడిగితే, డాక్టరమ్మ చాలాసేపు చేతులు తుడుచుకుని, "చెప్పలేనండి" అంది.

మూడో రోజున నాన్నతో షెడ్డుకి వెళ్ళాను. విప్పిన రేడియేటరు గొట్టాల్లో పసుపు అడుసులా గట్టిపడి ఉంది. మావ వంగిన హెడ్డుని బల్ల మీద పెట్టి, దాని మీద ఇనప స్కేలుని అడ్డంగా, అంచు మీద నిలబెట్టాడు. నా నోటుబుక్కులోంచి కాగితం చింపి ఇమ్మన్నాడు. స్కేలు కిందికి ఆ కాగితాన్ని తోస్తే రెండు కొసల దగ్గరా ఇరుక్కుంది. నడిమధ్యన మాత్రం సులువుగా అవతలికి దూరిపోయింది.

"ఇప్పుడు బేరమాడు. ఈ సందుని తగ్గమని అడుగు. అదెంత తగ్గితే నేనంత తగ్గుతాను."

వెక్కిరింపు లేదు ఆ గొంతులో. నేను ఆ కాగితాన్ని మళ్ళీ నడిమధ్యలోకి దూర్చి చూశాను. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుని, నాన్న వింటుండగానే అన్నాడు: "పసుపు పోసింది నువ్వు. పోయనిచ్చినోలం పెద్దోలం. మూడ్రోజులై తిండి మానేసినావంట, ఇంటికెల్లి బువ్వ తిను."

నెల తర్వాత అక్క గోడ మీంచి పిలిచి జడ వేయడానికి కూర్చోబెట్టుకుంది. వెనక్కి తిరక్కుండానే పసుపు సంగతంతా చెప్పేశాను. ఆమె చేతులు ఆగిపోయాయి. చాలాసేపటికి మళ్ళీ కదిలాయి. జడ చివర రిబ్బను ముడేసి, "రేపు కూడా రా" అంది. అంతే.

కొత్తిమీర కట్ట దగ్గర నేను ఇప్పటికీ రూపాయి వదలను. మొన్నీమధ్య నా పాత కారు కూడా తెల్లటి పొగ వదిలింది. విజయనగరంలో కుర్ర మెకానిక్, "ఫేసింగ్ వద్దంటే బాగా తగ్గుతాదమ్మా" అన్నాడు. స్కేలు తెమ్మన్నాను. నా సంచీలోంచి కాగితం నేనే చింపి ఇచ్చాను.

మావ ఆరోజు రాసిచ్చిన బిల్లు నాకింకా నోటికి వచ్చు. గాస్కెట్ అరవై, ఫేసింగ్ తొంభై, ఆయిల్ ఎనభై, చేతికూలి నూట ఇరవై. మొదట చెప్పిన మూడు వందల యాభైయే, పైసా పెంచలేదు. రేడియేటరు కడిగినందుకు డెబ్బై. తాడు కట్టి కారుని లాక్కొచ్చినందుకు యాభై. ఆయన రాయనివి రెండున్నాయి, అవి నేను కలుపుకున్నాను. పసుపు మూడు రూపాయలు.

మొత్తం నాలుగు వందల డెబ్బై మూడు రూపాయలు, గంటన్నర.