జీడి కాల్చిన చేతులు

పలాస స్టేషన్లో దిగేసరికి ఉదయం ఆరూ పది. పంతొమ్మిది వందల అరవై తొమ్మిది, ఎండాకాలం. నేను హవల్దారును. నా కింద పదకొండు మంది. ఒక్కొక్కడికి ఒక త్రీనాట్‌త్రీ తుపాకీ, యాభై తూటాలు, ఒక నీళ్ళ సీసా. అక్కణ్ణుంచి లారీలో పద్నాలుగు మైళ్ళు, నక్సలైట్ల కోసం గాలించడానికి ఉద్దానంలోకి. ఇసుక నేల. కొబ్బరి, జీడిమామిడి, మధ్య మధ్య పనస. ఇరవై గజాల అవతల మనిషి కనబడడు. మా మకాం ఒక బడి. పిల్లలకు సెలవులిచ్చేశారు.

సరిహద్దు కబుర్లు ఎన్నైనా చెబుతాను, మీకూ సరదాగానే ఉంటుంది. ఇది మాత్రం ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజు పొద్దున్న ఎనిమిదింటికి, గస్తీలో ముందు నడుస్తున్న కుర్రాడి కాళ్ళ దగ్గర నాటుబాంబు పేలింది. మోకాలి కింద ఏమీ మిగల్లేదు. నా బెల్టుతో తొడ బిగించి కట్టాను. నలభై నిమిషాలు పట్టుకుని కూర్చున్నాను. లారీ చప్పుడు వినబడుతుండగా ప్రాణం పోయింది. ఆ తర్వాత మాలో ఎవడికీ అన్నం సయించలేదు. ఎవడో ఒకడు మా చేతికి దొరకాలి, అంతే.

వైర్‌లెస్ రేడియోలో మా కమాండర్ అన్నాడు: "బాంబులు చుట్టేవాడి చేతులు మందుకి కాలి నల్లబడతాయి. ఊరూరా చేతులు చూడండి."

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. నాలుగో ఊళ్ళో దొరికాడు. పేరు దానేసు, నలభై ఏళ్ళుంటాయి. వేళ్ళు తారులో ముంచినట్టున్నాయి. అరచేతుల నిండా బొబ్బలు. మా బడికి తెచ్చి వరండాలో స్తంభానికి కట్టించాను.

"బాంబులెక్కడ చుడుతున్నావురా?"

"బాంబులేటి బాబూ! జీడి కాలుత్తాను. కూలోణ్ణి."

నాది రాయలసీమ. జీడిపప్పంటే పాయసంలో తెల్లగా తేలేది. అది మనిషి చేతులు కాల్చడమేమిటి? అబద్ధమనుకున్నాను. మాలో చెయ్యి బలమున్న జవానును పిలిచి వాయించమన్నాను. చచ్చిపోయిన కుర్రాడు వాడికి ప్రాణస్నేహితుడు. తుపాకీ మడమతో దానేసు వేళ్ళ మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినబడింది. ఇంకోటి వెయ్యమన్నాను. వేశాడు.

మా వంటవాడిది అక్కడికి దగ్గర్లోని మందస వైపు. టీ కెటిల్ కింద పెట్టి ఏడుస్తున్నాడు.

"అయ్యా, అది జీడి సొనండి. మా యమ్మ సేతులూ అలాగే ఉంతాయి. ఈ ఊరోళ్ళ సేతులు సూడండి ఓపాలి."

"ముందే చెప్పి చావొచ్చు కదా!"

"కోపం మీదున్నారు. సెప్తే నన్నూ కట్టీసీవోరు."

నిజమే. కట్టేసేవాణ్ణే.

వంటవాణ్ణి వెంటబెట్టుకుని జీడి కాల్చే పాకకి వెళ్ళాను. ఆడవాళ్ళు వేళ్ళకి బూడిద రాసుకుని, వరసగా కూర్చుని కాల్చిన జీడిపిక్కలు కొడుతున్నారు. నేనొకటి తీసుకుని కొట్టాను. సొన చింది బొటనవేలు భగ్గుమంది. రుమాలుతో ఎంత తుడిచినా నలుపు పోలేదు. ఆ వరసలో ఒక్క తెల్ల చెయ్యి లేదు. నా బతుకులో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

తిరిగొచ్చేసరికి పదీ నలభై. రేడియోలో కమాండర్ కాచుకుని ఉన్నాడు. మేమొకణ్ణి పట్టుకుని వేళ్ళు విరగ్గొట్టామని అప్పటికే కబురందింది.

"తోటలోకి తీసుకెళ్ళి కాల్చెయ్యి. ఎదురుకాల్పులని రాయి."

"కూలివాడు సార్. నేను పొరబడ్డాను."

"వేళ్ళు విరగ్గొట్టి వదిలేస్తే ఊరంతా మన మీదికొస్తుంది. ఇది ఆర్డరు."

"ఆ మాట కాగితం మీద రాసి పంపండి సార్."

"నీ హవల్దారు పట్టీలు పోయినట్టే" అన్నాడు.

దానేసుని కొట్టిన జవాను అంతా విని, వాడి మీదికి తుపాకీ ఎక్కుపెట్టాడు. "ఆర్డరొచ్చింది కదా. నేను కానిస్తాను, తప్పుకోండి."

దానేసుకి అడ్డంగా నిలబడ్డాను. గొట్టం నా రొమ్ముకి తగిలింది.

"మనవాడు చచ్చాడు సార్!"

"చచ్చాడు. వీడు చంపలేదు. కొట్టమన్నది నేను. రిపోర్టులో నా పేరే రాస్తాను, నీది రాయను."

"చెయ్యి నాదే కదా సార్" అని తుపాకీ కింద పడేసి, ఇసుకలో కూలబడి ఏడ్చాడు.

లారీలో దానేసుని టెక్కలి ఆసుపత్రిలో చేర్చాను. రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశాను. పదిహేను రోజులకి నా పట్టీలు ఊడబెరికి వెనక్కి పంపేశారు.

వెళ్ళే రోజు ఆసుపత్రికి పోయాను. క్షమించమని అడగాలని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. దానేసు మంచం మీద కూర్చుని ఉన్నాడు. భార్య గంజి తాగిస్తోంది. గుమ్మంలో నన్ను చూడగానే కట్లు కట్టిన రెండు చేతులూ దుప్పటి కిందికి లాక్కున్నాడు. ఆమె గంజి గిన్నె కింద పెట్టి, తన చేతులు కూడా కొంగులో దాచేసుకుంది.