మా వైపు జుట్టు

మా అమ్మాయికి జుట్టు నా వైపు నుంచి వచ్చింది. భీమిలి దారిలో, సముద్రం ఒడ్డునున్న మా ఊళ్ళో మా అమ్మకీ, అమ్మమ్మకీ, నాకూ ఇదే ఉంగరాల జుట్టు. మావాళ్ళు చేపల వేటకెళ్ళేవాళ్ళు. అత్తగారివాళ్ళు స్టీల్ ప్లాంటులో ఉద్యోగం కోసం గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. మాది ప్రేమ పెళ్ళి. పెళ్ళయ్యాక అత్తగారు నా కులం గురించి ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. జుట్టు గురించే అనేవారు.

పిల్లకి ఆరేళ్ళు. ఆదివారం తలంటాక తడి ఆరకముందే నా ముందు కూర్చోబెట్టుకునేదాన్ని. ఆరాక దువ్వితే ఆ జుట్టు తెగుతుంది, గుబురుగా లేచిపోతుంది. పాయలుగా విడదీసి, కొసల నుంచి మొదలుపెట్టి, వేళ్ళతోనే చిక్కు తీసేదాన్ని. కాస్త కొబ్బరినూనె అరచేతుల్లో రుద్దుకుని ఒక్కో పాయనీ వేలికి చుట్టి వదిలితే స్ప్రింగులా దూకేది. అద్దంలో చూసుకుని, "ఇంకోటమ్మా, ఇంకోటి" అని నవ్వేది.

అత్తగారు కుర్చీలోంచి చూసేవారు. "ఆ పిచ్చుకగూటితో అంతసేపు ఏం పనమ్మాయ్? ఏం చేసినా దాని గుణం పోతుందా?"

గుణం అన్నది జుట్టు గురించే అనుకోవడానికి నేను చాలా ప్రయత్నించాను.

ఇంతలో మా ఆడపడుచు కూతురి పెళ్ళి కుదిరింది. పెళ్ళికి బయల్దేరే ముందురోజు నేను ఆసుపత్రి ల్యాబులో డ్యూటీ చేసుకుని సాయంత్రం ఇంటికొచ్చేసరికి హాల్లో ఏదో ఘాటైన రసాయనం వాసన. పిల్ల అద్దం ముందు నిలబడి తల ఊపుతోంది. జుట్టు తిన్నగా, మెరుస్తూ, భుజాల మీద అటూ ఇటూ జారుతోంది.

"అమ్మా, చూడు! దువ్వెన ఎక్కడా ఆగట్లేదు!"

అత్తగారు గాజువాకలో పార్లర్‌కి తీసుకెళ్ళి జుట్టు స్ట్రెయిట్ చేయించారట.

"నన్నొక్క మాట అడగాల్సింది అత్తయ్యా. ఆరేళ్ళ పిల్లకి ఆ మందులేంటి?"

"పెళ్ళిలో పదిమంది చూస్తారమ్మాయ్. ఎవరి పోలికని అడిగితే ఏం చెప్పమంటావ్? ఇప్పుడు చూడు, మా ఇంటి పిల్లలా ఉంది."

మా ఆయన బూట్లు విప్పుకుంటూ, "జుట్టే కదా, వదిలెయ్" అన్నారు. ప్రేమించే రోజుల్లో నా జుట్టు చూసే పడిపోయానని చెప్పిన మనిషి.

పెళ్ళిలో అందరూ పిల్లని దగ్గరికి తీసుకున్నారు. "అచ్చం వాళ్ళ నాన్నే" అన్నారు. నేను కూడా నవ్వాను, ఫొటోల్లో ఉంది.

తర్వాత మా అమ్మ మమ్మల్ని చూడడానికి వచ్చింది. మనవరాలి తల మీద చెయ్యి వేసి ఆగిపోయింది.

"ఏటే ఇది? అమ్మలు జుట్టుకి ఏటైనాది?"

"పార్లర్‌లో చేయించారమ్మా."

అమ్మ వంటింటి వైపు చూసింది. అక్కడ అత్తగారున్నారు. "బాగున్నాదిలే," అంది గొంతు తగ్గించి. "నానూ సిన్నప్పుడు ఇలాగుండాలనే ఏడ్సేదాన్ని." భోజనం చేసి వెళ్ళమన్నా ఆగలేదు, బస్సుకి టైమైపోతందని వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకి కొసలు చిట్లి తెగడం మొదలైంది. కుదుళ్ళ దగ్గర మాత్రం సన్నగా ఉంగరాలు. నాకు లోపల సంతోషం వేసింది. అదే రోజు పిల్ల బాత్రూంలోంచి ఏడుస్తూ వచ్చింది.

"అమ్మా, మళ్ళీ నీ జుట్టు వచ్చేస్తోంది!"

తల నిమరబోతే నా చెయ్యి తోసేసింది.

"పోనీ ఇంకోసారి చేయించేద్దాం" అన్నారు మా ఆయన. వద్దన్నాను. ఆ ఇంట్లో నేను గొంతెత్తింది అదే మొదటిసారి. అత్తగారు టీవీ సౌండు పెంచుకున్నారు. పిల్ల నాతో మాట్లాడడం మానేసింది.

పార్లర్‌కి మళ్ళీ పంపలేదు. పాడైన కొసలన్నీ కత్తిరించేశాక జుట్టు చెవులదాకా వచ్చింది, మొత్తం ఉంగరాలే. స్కూలుకి తయారయ్యేటప్పుడు పిల్ల నన్ను తల ముట్టుకోనివ్వదు. నాన్నమ్మ దగ్గరికెళ్ళి నీళ్ళు రాయించుకుని, ఉంగరాలు కనబడకుండా అణిచి దువ్వించుకుని, హెయిర్‌బ్యాండ్ బిగించుకుంటుంది. నేను లంచ్ బాక్సు పట్టుకుని గుమ్మంలో నిలబడతాను.