అవ్వ బతికుండగా ఏడ్చిన ఏడుపు

మా చిన్నప్పుడు... తొండియార్‌పేట ఇంట్లో, మధ్యాహ్నం అన్నాలయ్యాక మా అవ్వ, అంటే నాన్న వాళ్లమ్మ, వరండాలో చాప మీద వెల్లకిలా పడుకునేది. కళ్లు మూసుకుని, కాలి బొటనవేళ్లు రెండూ దగ్గరికి చేర్చి...

"పాపా, నేను చచ్చిపోయినాను. ఏడువు" అనేది.

మా వీధిలో ఎవరు పోయినా ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని, ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని, పోయినవాళ్ల గుణాలు చెప్పుకుంటూ రాగం తీసి ఏడ్చేవాళ్లు. ఒప్పారి అనేవాళ్లు దాన్ని. ఆ రాగం మొదట ఎత్తుకోవడానికి మా అవ్వ రావాల్సిందే. తల్లి పోతే మాత్రం ముందు కూతురు ఎత్తుకోవాలి. అవ్వకేమో అందరూ మగపిల్లలే... ఆ దిగులుతోనే నాకు నేర్పింది.

నేను అవ్వ మీద పడిపోయేదాన్ని. "నాకు జడెవరు ఏస్తారవ్వా... ముద్దలెవరు పెడతారవ్వా..." అని. మొదట నటనే. కాసేపటికి నిజంగానే వెక్కిళ్లు వచ్చేవి. అవ్వ ఒక కన్ను తెరిచి చూసి, కొంగుతో నా ముక్కు తుడిచేది.

"శుక్రవారం పూట ఇదేం పాడు ఆటత్తా!" అని అమ్మ వంటింట్లోంచి అరిచేది.

"ఆడికి పోయినాక నాకు ఇనపడతాదా? ఈడ ఉన్నప్పుడే ఇనేసి పోతా" అనేది అవ్వ.

అవ్వ నిజంగా పోతే నా గుండె ఆగిపోతుందని అనుకునేదాన్ని...

పోయినేడాది అవ్వ పోయింది. నేను ఆఫీసు నుంచి వెళ్లేసరికి హాల్లో అద్దాల ఐస్ పెట్టె... దాని మోటారు బుర్రుమంటోంది. ప్లగ్గు వదులుగా ఉందేమో, వైరు తగిలి ఎవరైనా పడతారేమో... నా ధ్యాసంతా దాని మీదే. కంట్లో చెమ్మ కూడా లేదు.

"ఏడ్చెయ్ పాపా, లోపల పెట్టుకోబాక" అని పక్కింటి పెద్దమ్మ వీపు నిమిరింది. అన్ని మధ్యాహ్నాలు నేర్చుకున్న రాగంలో ఒక్క ముక్క నోటికి రాలేదు. ఎత్తుకునే ముసలమ్మలు కూడా వీధిలో ఎవరూ మిగల్లేదు.

"కూతురుంటే ఇట్టుంటాదా..." అని వెనక ఎవరో గొణిగారు. సిగ్గుతో తల దించుకున్నాను. ఇప్పటికీ ఏడవలేదు.

ఇప్పుడు మా అపార్ట్‌మెంటులో ఎవరు పోయినా చప్పుడుండదు. ఫోన్లో దండం బొమ్మ పెట్టేసి ఎవరి పనిలో వాళ్లు పడిపోతాం...

వరండాలో ఏడ్చిన ఆ ఏడుపే అవ్వకు దక్కింది. అదైనా విని పోయింది.

మీ ఏడుపు ఇలా ముందే అడిగి విన్నవాళ్లు మీ ఇళ్లల్లో ఎవరైనా ఉన్నారా? ఉంటే చెప్పండి... నాకు వినాలని ఉంది.