పద్నాలుగు ఘట్టాలు, ఒక పడవవాడు

డిపోలో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. అందరికీ టైంటేబులే. ఏ బస్సు ఎప్పుడు కదలాలో, ఏ స్టాపులో ఎన్ని నిమిషాలు ఆగాలో, ఏ డ్రైవరు ఎక్కడ దిగి టీ తాగాలో ఇరవై రెండేళ్లుగా రంగు పెన్సిళ్లతో గీతలు గీసి తేల్చేది అతనే. ఆ చార్టు కింద సంతకం మాత్రం మేనేజరుది. అతని పేరు ఇంతవరకూ ఏ కాగితం మీదా అచ్చుకాలేదు. పైకి అనేవాడు కాదు గానీ, ఆ సంగతి తలుచుకుంటే అతనికి కడుపు రగిలిపోయేది.

ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం అతనివి. అక్క కుట్టుషాపులో, బట్ట కత్తిరించే పెద్ద బల్ల చుట్టూ నలుగురైదుగురు చేరి ఆట ఆడతారు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు ఆ కథలో దొంగలో యోధులో అయిపోయి నేనిలా చేస్తానంటే నేనిలా చేస్తానంటారు. అవుతుందా కాదా అని సందేహం వస్తే పాచికలు తేలుస్తాయి. ఇలాంటి కథలను పుస్తకాలుగా వేసే చిన్న సంస్థ ఒకటుంది. టైంటేబుల్ తన కథలు రెండుసార్లు పంపితే రెండుసార్లూ తిప్పి పంపారు. పట్టువదలకుండా పద్నాలుగు నెలలు కూర్చుని మూడోది రాశాడు. నలభై రెండు పేజీలు. రాజముద్ర పోతుంది, పడవలో ఏరు దాటాలి, మునిగిన కోట చేరాలి, పన్నెండో ఘట్టంలో కోశాధికారే దొంగ అని బయటపడాలి. మొత్తం పద్నాలుగు ఘట్టాలు, ఒక్క స్టాపు తప్పడానికి వీల్లేదు.

అక్కకు ఈ పద్ధతే గిట్టదు. ఆవిడ కథ రాయదు, చోటు గీస్తుంది. కుట్టుసుద్దతో బల్ల మీద ఒక ఊరు గీసి, ఇదిగో సత్రం, ఇదిగో మిల్లు, వీటి యజమానులిద్దరికీ పడదు అని చెప్పి చేతులు కట్టుకుని కూర్చుంటుంది. ఇక ఎటు పోతారో మీ ఇష్టం. బావ గోల వేరు. వరసగా గదులు, గదికో రాక్షసుడు, రాక్షసుడి వెనక ఒక పెట్టె ఉంటే చాలు, కథ ఊసు లేకపోయినా మూడు గంటలు కుర్చీ వదలడు. మందుల షాపులో పనిచేసే అమ్మాయికి ఆనవాళ్లు కావాలి, తీగ లాగాలి. వీళ్లతో వాదించి వాదించి టైంటేబుల్‌కు నోరు పడిపోయింది. దారంటూ లేకపోతే అది కథెలా అవుతుందని అతని ఏడుపు.

ఈసారి సంస్థవాళ్లు ఒక మెలిక పెట్టారు. కథను వేరేవాళ్లు ఆడించాలి. రాసినవాడు గదిలో ఉండొచ్చు గానీ నోరు విప్పకూడదు. విప్పాడో, ఆ సంగతి చివర్లో నింపే కాగితంలో రాయాలి, కథ పక్కన పడేస్తారు. నోరు మూసుకోవడం ఒక పెద్ద పనా అనుకుని టైంటేబుల్ కుట్టుమిషను పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఆడించడానికి అక్క ఒప్పుకుంది. ఆడేవాళ్లు ముగ్గురు: బావ, మందుల షాపు అమ్మాయి, డిపోలో రిటైరైన ముసలి డ్రైవరు. ఆయన్ని అందరూ బాబాయి అంటారు.

మొదటి ఘట్టం ఏటి ఒడ్డు. అక్కడున్న పడవవాడికి టైంటేబుల్ రాసింది ఒక్క ముక్క: ముసలివాడు, తొందరలో ఉంటాడు. పడవెక్కించి అవతల దింపడమే వాడి పని, పది నిమిషాల్లో తెమిలిపోవాలి.

బాబాయి పడవెక్కలేదు. ఈ వయసులో నీకంత తొందరేమిటయ్యా అని పడవవాణ్ణి అడిగాడు. అక్క కాగితం చూసింది. అక్కడేమీ లేదు. వాడు తల వంచుకున్నాడని తనే కల్పించి చెప్పింది. అంతే, మందుల షాపు అమ్మాయికి తీగ దొరికింది. వాడి గుడిసె చూడాలంది. గుడిసెలో పెట్టెలేమైనా ఉన్నాయా అని బావ. అక్క సుద్ద తీసి గుడిసె గీసింది.

గంట గడిచింది. రాజముద్ర మాట ఎవరికీ గుర్తులేదు. టైంటేబుల్‌కు ఒళ్లంతా కారం రాసుకున్నట్టుంది. దగ్గాడు, స్టూలు జరిపాడు, అక్క వంక గుడ్లురిమాడు. ఆవిడ చూస్తేగా! ముగ్గురూ పడవవాణ్ణి వెంటబెట్టుకుని కోట వైపు కాదు, ఏటి వాలున దిగువకు పోదామని తీర్మానించారు. దిగువన ఏముంది? పేజీలో ఖాళీ.

"కోట ఎదురుగా ఉంది కదా! అటు పోండి!"

ఎవరు అరిచారా అని టైంటేబుల్ కూడా ఒక్క క్షణం వెతుక్కున్నాడు. తన గొంతే. అందరూ తిరిగి చూశారు.

బాబాయి చేతిలోని పాచికలు బల్ల మీద పెట్టాడు. "పద్దెనిమిదేళ్లు నువ్వు గీసిన రూట్లోనే బండి తోలాను. ఆదివారం కూడా నీ రూటేనా?"

టైంటేబుల్ మొహం మాడిపోయింది. అక్కకు తమ్ముడి మీద జాలేసింది. సంస్థకు నింపి పంపాల్సిన కాగితం తన వైపు లాక్కుని, తను మాత్రం ఏమీ వినలేదంది. బావ కూడా వినలేదన్నాడు. మందుల షాపు అమ్మాయి తలూపింది. అతను ఊ అంటే చాలు, పుస్తకం ఇంకా బతికే ఉంటుంది.

బాబాయి మాత్రం పడవవాణ్ణి వదల్లేదు. "అది సరే, నువ్వే రాశావుగా. వాడికి తొందరెందుకు?"

కోశాధికారి తాత ముత్తాతల దాకా టైంటేబుల్‌కు తెలుసు. కోట గోడకు ఎన్ని మెట్లో తెలుసు. పడవవాడి సంగతి వెతుక్కుంటే ఏమీ దొరకలేదు.

"మీరు త్వరగా ఏరు దాటాలని," అన్నాడు చివరికి.

"అంటే తొందర వాడిది కాదు. నీది."

 టైంటేబుల్ అక్క దగ్గర్నుంచి ఆ కాగితం లాక్కున్నాడు. లేని నిమిషాలను చార్టులో ఉన్నట్టు చూపించడం అతనికి ఇరవై రెండేళ్లలో చేతకాలేదు. రాసినవాడు మాట్లాడాడా అన్న ప్రశ్న ఎదురుగా, మాట్లాడాను అని రాశాడు. పెన్ను విసిరేసినంత పనిచేసి, స్టూలు బల్ల దగ్గరికి ఈడ్చుకొచ్చి కూలబడ్డాడు.

"వాడి గొడవేంటో నువ్వే చెప్పక్కా," అన్నాడు చిరాగ్గా. "నాకు తెలీదు."