కెమెరాకు ఎడమ పక్క నర్సక్క

నర్సక్క ఇక లేదన్న వార్త నాకెవరూ ఫోన్ చేసి చెప్పలేదు. పొద్దున చాయ్ తాగుతూ ఫోన్ చూసుకుంటుంటే ఒక మిత్రుడి స్టేటస్‌లో ఆమె పాట వినిపించింది. ‘జానపద కోకిలకు కన్నీటి నివాళి’ అని పెద్ద పెద్ద అక్షరాలు. వాటి కింద, పూలదండ మధ్య, ఇరవై రెండేళ్ల అమ్మాయి నవ్వుతోంది. ఆ పాటకు పెదవులు కదిపి నాట్యం చేసిన అమ్మాయి ఆమె. పాడింది నర్సక్క, పోయిందీ నర్సక్క, దండ మాత్రం బతికున్న పిల్ల మెడలో పడింది. మధ్యాహ్నానికి ఆ వీడియో ఎన్ని చేతులు మారిందో గాని, హైదరాబాదులో ఉన్న ఆ అమ్మాయి ‘నేను బతికే ఉన్నాను, దయచేసి మా అమ్మకు ఫోన్లు చేయకండి’ అని మరో వీడియో పెట్టుకోవలసి వచ్చింది. కోరుట్లలో నర్సక్క పార్థివదేహం అప్పటికింకా వాకిట్లోనే ఉంది.

వార్త విని నిశ్చేష్టుణ్ణయ్యానని రాయడం ఇలాంటి వ్యాసాలకు ఆచారం. నాకు దుఃఖం కన్నా ముందు సిగ్గు కలిగింది. ఆ పాటను చిత్రీకరించింది నేనే. జగిత్యాలలో చిన్న స్టూడియో పెట్టుకుని, రెండు దశాబ్దాలుగా నర్సక్క గొంతుకు పరాయి ముఖాలు అతికించి బతికినవాణ్ణి. ఆమె గురించి రాసే అర్హత నాకుందని అనుకోను. అయితే ఆమె ఎక్కడ నిలబడేదో నాకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

ఆమె పుట్టిల్లు ధర్మపురి పక్కన పల్లె, మెట్టినిల్లు కోరుట్ల. బతుకుతెరువు బీడీలు చుట్టడం. భర్త రాజేశం పెళ్లయిన నాలుగేళ్లకే మస్కట్ పోయాడు. రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి వచ్చి వెళ్లేవాడు. అక్షరజ్ఞానం లేని నర్సక్క కంఠంలో తల్లి నుంచి వచ్చిన పాటలు కొన్ని, తాను కట్టినవి కొన్ని కలగలిసి ఉండేవి. ఏది తల్లిది, ఏది తనది అని అడిగితే, “నోట్లెకు అచ్చినంక అన్ని నాయే” అనేది. మేము ఆ మాటను మాకు అనుకూలంగా మలుచుకున్నాం. పాట కింద రచన అనకుండా ‘సేకరణ’ అని వేసి మా పేర్లు పెట్టుకున్నాం. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుంటారంటారు. మేము చెట్టు పేరైనా చెప్పలేదు.

ఆమెను మొదట చూసింది సిరిసిల్లలో, క్యాసెట్ల కాలం చివర్లో. నా మిత్రుడొకడు గోడలకు బొంతలు కొట్టి ఒక గదిని రికార్డింగు గది చేశాడు. చుట్టూ మరమగ్గాలు. కరెంటుంటే మగ్గాల మోత, మగ్గాలు ఆగితే కరెంటు లేక రికార్డింగు ఆగేది. రెండు రోజులు ఆ అవస్థ పడ్డాక నర్సక్క ఒళ్లోని బీడీల చాట పక్కన పెట్టి లేచి నిలబడింది. “గా మగ్గాల తోనే పాడుత. అవ్విటికి తాళం ఉన్నది, మీకే లేదు” అంది. పాడింది. ఆ క్యాసెట్టు ఇప్పుడు విన్నా వెనుక నుంచి సిరిసిల్ల మగ్గాలు వినబడతాయి. తర్వాత మేము పెట్టిన ఏ డప్పూ, ఏ కీబోర్డూ దానికి సాటిరాలేదు. అట్ట మీద మాత్రం ఎవరో గీసిన నాట్యకత్తె బొమ్మ వేశాం. అప్పుడది తప్పనిపించలేదు. వినే వస్తువుకు ముఖమెందుకు అనుకున్నాం.

తర్వాత సీడీలొచ్చాయి. పాట చూసే వస్తువైంది. అప్పటిదాకా పెళ్లిళ్లు తీసిన నేను ఒక్కరోజులో దర్శకుణ్ణయ్యాను. మొదటి పాట ధర్మపురి దగ్గర గోదావరి ఒడ్డున. సిటీ నుంచి వచ్చిన అమ్మాయికి మన మాట రాదు. గొంతు ఒకటంటే పెదవి మరొకటంటోంది. ఏం చేయాలో తోచక, పాట పాడిన నర్సక్కనే పిలిపించి కెమెరా పక్కన నిలబెట్టాను. కుడి పక్క పాట వినిపించే డబ్బా, దాని తీగలు ఉన్నాయి. ఖాళీ ఉన్నది ఎడమ పక్కే. అక్కడ నిలబడి ఆమె గొంతెత్తకుండా పాడుతుంటే, ఆమె పెదవులు చూసి ఈ అమ్మాయి పెదవులు కదిపింది. పాట కుదిరింది. ఒక్కటే లోపం, అమ్మాయి కళ్లు కెమెరాలోకి కాకుండా కాస్త ఎడమకు పోతున్నాయి. ఇటు చూడమ్మా, ఇటు చూడమ్మా అని గొంతు చించుకునేవాణ్ణి. ఇటు చూస్తే పెదవి తప్పేది. చివరికి నేనే రాజీపడ్డాను.

ఆ నాటి నుంచి అదే మా పద్ధతైంది. అమ్మాయిలు మారారు, కెమెరాలు మారాయి, సీడీలు పోయి యూట్యూబ్ వచ్చింది, ఎడమ పక్క నర్సక్క మాత్రం మారలేదు. నిలబడేదంటే ఊరికే నిలబడేది కాదు. ఏడ్చే చరణంలో కళ్ల నీళ్లు పెట్టుకునేది. సరసమాడే చోట కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. ఆమె ముఖంలో ఉన్నదాంట్లో నాలుగో వంతు ఆ అమ్మాయిల ముఖాల్లోకి వచ్చేది, దానికే జనం ముగ్ధులయ్యేవారు. ఇదంతా తర్వాత ఆ అమ్మాయిలు చెబితే తెలిసింది. నా కన్ను కెమెరాకు అంటుకుని ఉండేది.

ఆమె నోరు మంచిది కాదని మా యూనిట్‌లో పేరు. అబద్ధం కాదు. ఒకసారి మల్యాల దగ్గర వరినాట్ల పాట తీస్తున్నాం. నాటేసేవాళ్లు వెనక్కి నడుస్తారు. ముఖాలు కనబడాలని నేను అమ్మాయిల్ని ముందుకు నడిపించాను, వేసిన నారు వేసినట్టే తొక్కుకుంటూ వస్తున్నారు. నర్సక్క గట్టు మీది నుంచి దిగి వచ్చి పాట ఆపేసింది. చూసేవాళ్లకు ఆ మాత్రం తెలియదా అని అడిగింది. తెలిసినవాళ్ల కోసం తీయడం లేదక్కా అన్నాను. ఆమె నన్ను కిందికీ మీదికీ చూసి, “గట్లయితె తెల్వనోళ్లనే పాడుమను” అని పోయి చాట ముందేసుకుని బీడీలు చుట్టుకుంది. ఆమెను లేపడానికి గంట పట్టింది. పాట మాత్రం నారు తొక్కుకుంటూనే వచ్చింది, ఈనాటికీ ఉంది, చూడొచ్చు.

ఇన్నేళ్లలో ఆమె నన్నొకటే అడిగింది. రాజేశం బావ మస్కట్ పోయిన ఏడు తాను కట్టుకున్న పాట ఒకటుంది. ‘ఆకులన్ని కత్తిరిస్తి, నీ ఆశ కత్తిరియ్యకపోతి’ అని ఎత్తుకుంటుంది. దాన్ని యూట్యూబ్ కోసం తీయబోతుంటే స్టూడియోకు వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే చెప్పింది. “తమ్మీ, గీ ఒక్క పాట నా మొకం మీద తియ్యి. మీ బావ సూస్త అంటుండు.”

తీశాను. కోరుట్లలో ఆమె వాకిట్లోనే, ఒక మధ్యాహ్నం. బావ పంపిన ఆకుపచ్చ చీర కట్టుకుంది, ఒళ్లో చాట, చేతిలో తునికాకు, కత్తెర. పెదవి అందించేందుకు ఎడమ పక్క ఎవరూ లేరు, అవసరమూ లేదు. ఆమె సూటిగా కెమెరాలోకి చూసి పాడింది. నా పాతికేళ్ల పనిలో అంతటి దృశ్యం మరొకటి నేను తీయలేదు. తీసుకెళ్లి మా పాటలు పెట్టే యూట్యూబ్ చానల్ యజమానికి చూపించాను. “పాట బంగారం. గీ మొకానికి ఎవడు క్లిక్ చేస్తడన్నా?” అన్నాడు. నేను వాదించలేదు. ఈ వ్యాసంలో రాయడానికి నాకు అన్నిటికన్నా కష్టమైన వాక్యం ఇదే. మల్యాల మక్కజొన్న చేన్లలో అదే పాట ఆ ఇరవై రెండేళ్ల పిల్లతో మళ్లీ తీశాను. ఎల్లారెడ్డిపేటలో పెళ్లి వీడియోకు మెమరీ కార్డు కావలసి వస్తే నర్సక్క ముఖమున్న కార్డు ఖాళీ చేసి తీసుకుపోయాను.

నేను ఆమెకు చెప్పలేదు. పాటలో తన ముఖమే వస్తుందని ఆమె వాడంతా చెప్పుకుంది. బావ మస్కట్‌లో గదంతా చెప్పుకున్నాడు. పాట విడుదలైన రోజు గదిలో ఉన్నవాళ్లంతా ఒక్క ఫోను చుట్టూ కూర్చున్నారట. మక్కచేను, దాంట్లో ఎవరో పిల్ల. బావ ఫోన్ చేసి, గీమె ఎవరే అని అడిగాడట. మరునాడు నర్సక్క స్టూడియోకు వచ్చింది. తిడుతుందని కాచుకుని కూర్చున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. “నా మొకం మంచిగ లేదని నాకెరుకనే తమ్మీ. మీ బావకు గూడ ఎరుకనే. అయిన సూస్త అన్నడు” అంది. అంతే. ఆ పాటే మా అందరికీ పేరు తెచ్చిపెట్టింది. డీజేల్లో మోగింది, ముప్పై సెకన్ల ముక్కలుగా ఫోన్లన్నీ తిరిగింది. భర్తను పేరు పెట్టి పిలిచే చివరి చరణం ఆ ముక్కల్లో ఎక్కడా లేదు.

ఆ తర్వాతి షూటింగుకు ఆమె రాదనుకున్నాను. వచ్చింది. వచ్చి ఎడమ పక్క నిలబడింది. ఎందుకొచ్చావక్కా అని అడిగే ధైర్యం నాకు లేక, ఆ అమ్మాయి అడిగింది. నీకు తెల్వదు గదా బిడ్డా, పాట కరాబైతది అందట.

రెండేళ్లుగా దగ్గు. బీడీ పొడి ఛాతీలో కూర్చుందని ఆమే చెప్పేది. గొంతు బొంగురుపోయాక పిలుపులు తగ్గాయి, తర్వాత మేము పిలవడం మానేశాం. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఆమె పోయిన మూడోనాడు చానల్ యజమాని ఫోన్ చేశాడు. అక్క గొంతు మన దగ్గర మస్తుగుంది కదా, ఇప్పుడు కంప్యూటర్‌తో కొత్త పాటలు పాడించవచ్చట, పాత ట్రాకులు పంపమన్నాడు. పంపనన్నాను. అతనికి కాదని చెప్పడం అదే మొదలు. ఆ మాట ఆమె బతికుండగా ఒక్కసారి నా నోట వచ్చి ఉండవలసింది.

ఆ సాయంత్రమే నర్సక్క బిడ్డ సుజాత స్టూడియోకు వచ్చింది. పదోనాటికి ఫ్లెక్సీ కట్టాలి, అమ్మ ఫొటో లేదు. ఉన్నవి రెండే, ఆధార్ కార్డు మీదిదీ, బీడీ కార్మికుల కార్డు మీదిదీ. రెండింట్లోనూ దొంగతనానికి పట్టుబడ్డ మనిషిలా ఉంది. “మామా, ఇరువయ్యేండ్లు నీ కెమెరా ఎంబడే తిరిగింది. ఒక్కటన్న ఉండదా?” అని అడిగింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు హార్డ్‌డిస్కులన్నీ ముందేసుకుని కూర్చున్నాను. గోదావరి ఒడ్డు, మల్యాల పొలాలు, కొండగట్టు దారి, పదుల కొద్దీ ముఖాలు. నర్సక్క ఎక్కడా లేదు. ఒకచోట చాట అంచు కనబడింది. ఒకచోట నీడ.

సుజాత నా వెనుక నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా, “గీళ్లందరు మా అమ్మనే సూస్తున్నరు గదా మామా” అంది.  నిజమే. ఇరవై యేళ్లు నేను లోపమనుకున్నది అది. ప్రతి పాటలో ప్రతి అమ్మాయి కళ్లూ ఎడమకే, ఒకే ఎత్తుకు, ఒకే మనిషి మీదికి. మన ప్రాంతపు పాట తెర మీదికి వచ్చిన చరిత్ర ఎవరైనా రాస్తే మా పేర్లు రాస్తారేమో, ఆ చూపులు ఎక్కడ ఆగాయో రాయరు. నర్సక్కా, నీ స్థానం ఎవరూ భర్తీ చేయలేరని రాయడానికి నాకు నోరు రావడం లేదు. నీకు స్థానమంటూ ఇచ్చిందెక్కడ?

ఒక చోట సుజాత ఆపమంది. గోదావరి ఒడ్డున తీసిన మొదటి పాటలో వాడకుండా వదిలేసిన ముక్క అది. తెర మీద అమ్మాయి ఎడమకు చూస్తూ, పాట మరచిపోయి, పొట్ట పట్టుకుని పగలబడి నవ్వుతోంది.

“మామా, అమ్మ గప్పుడేం జేసింది, గీమె గింతగనం నవ్వుతుంది?”

నాకు తెలియదు. నేను కెమెరాలో చూస్తున్నాను.