యల్లయ్య దాచిన ఆకు పేరు

గొర్రె తినని గడ్డిని మనిషి దాచుకోవడం యల్లయ్య చూడటం అదే మొదటిసారి. నలభై ఆరేళ్ళ కిందటి మాట. అర్ధవీడు పైన నల్లమల అంచుల్లో మంద కాస్తుంటే, కళ్ళద్దాల మనిషి ఒకాయన వచ్చి, కనపడిన మొక్కనల్లా వేళ్ళతో సహా పెరికి, పాత పేపర్ల మడతల్లో పరిచి, రెండు చెక్కల మధ్య బిగించి కట్టేవాడు. పేరు పుల్లారావు. ఎక్కడో సముద్రం పక్కనున్న పెద్ద యూనివర్సిటీలో మొక్కల మీద పరిశోధన చేస్తున్నాడట.

“ఎండబెట్టి ఏం జేసుకుంటావు సారూ?”

“దాస్తాం.”

“దాసి?”

“వందేళ్ళ తర్వాతైనా ఎవరో ఒకరు వచ్చి చూస్తారు.”

యల్లయ్యకు నవ్వాగలేదు. పనీపాటా లేక ఎండుగడ్డి చూడ్డానికి అంతదూరం వచ్చేవాడు ఎవడుంటాడు?

పద్దెనిమిది రోజులు ఇద్దరూ కలిసే తిరిగారు. యల్లయ్య జొన్నరొట్టె, పుల్లారావు డబ్బాలోని అటుకులు పంచుకు తిన్నారు. చూపించిన ప్రతి మొక్కకూ యల్లయ్య టకటకా పేరు చెప్పేవాడు. ఆయన రాసుకునేవాడు. ఒక్క మొక్క దగ్గరే యల్లయ్య నాలుక మొరాయించింది.

గొర్రె పుండుకు పురుగు పడితే దాని పసరు పిండేవాడు యల్లయ్య. మూడోనాటికి పురుగు రాలి పుండు ఎండేది. బేస్తవారిపేట నుంచి కూడా గొర్రెల్ని భుజాన వేసుకుని అతని దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆకును చాటుగా కోసి, నూరి, ముద్ద చేసి తెచ్చేవాడే గానీ అది ఏ ఆకో కట్టుకున్న పెళ్ళానికి కూడా తెలియనిచ్చేవాడు కాదు. దాని పేరు నాయన చనిపోయే ముందు చెవిలో చెప్పాడు. “ఈ పేరు నోట పలికినావా, పసరు చచ్చిపోతది. నువ్వు పోయేటప్పుడే నీ కొడుకు చెవిలో ఎయ్యి” అన్నాడు.

ఒక పొద్దున యల్లయ్య ఆకు నూరుతుండగా పుల్లారావు చూడనే చూశాడు. పక్కనున్న ఆ మొక్కనొకటి పెరికి పట్టుకుని, పెన్ను తీసి “దీని పేరు?” అన్నాడు. చెబితే పసరు చస్తుంది. చెప్పకుంటే పద్దెనిమిది రోజులు కలిసి తిన్న మనిషి నొచ్చుకుంటాడు. యల్లయ్య తల గోక్కుని “కోటమ్మాకు” అనేశాడు. కోటమ్మను పెళ్ళి చేసుకుని అప్పటికి రెండు నెలలు. రాత్రింబవళ్ళు నోట్లో ఆడుతున్న పేరు అదొక్కటే మరి!

ఈ సంగతి తెలిసినప్పటి నుంచి కోటమ్మ అతన్ని వదిలిపెట్టలేదు. “అందరి మొగుళ్ళు పెండ్లాలకు చీరలు పెడ్తారు, మా ఆయన గడ్డికి నా పేరు పెట్టినాడు” అని పదిమందిలో దెప్పేది.

అది నవ్వుకునే సంగతి. నవ్వుకోలేని సంగతి ఇంకొకటి ఉంది. ఒక ఏడు వానలు లేక యల్లయ్య మందను తోలుకుని పామూరు వైపు వలసపోయాడు. అప్పుడే అదే వీధిలోని బాలకృష్ణ మందకు పుండ్లు లేచి పురుగు పడింది. యల్లయ్య తిరిగొచ్చేలోపు ఇరవై మూడు గొర్రెలు చచ్చిపోయాయి. బాలకృష్ణ తిట్టలేదు, కొట్టలేదు. “ఏ ఆకో చెప్పిపోయుంటే బాగుండు గదా బావా” అన్నాడు, అంతే. మిగిలిన గొర్రెల్ని అమ్మేసి హైదరాబాదులో తాపీపనికి పోయాడు. ముసలితనంలో తిరిగొచ్చాడు గానీ, యల్లయ్యతో వాన గురించి మాట్లాడతాడు, రాజకీయాలు మాట్లాడతాడు, గొర్రెల ఊసు మాత్రం ఎత్తడు.

యల్లయ్య తనకు తాను ఒకటే చెప్పుకునేవాడు: చెప్పి ఉంటే పసరే చచ్చేది, బాలకృష్ణ గొర్రెలే కాదు, ఊరి గొర్రెలన్నీ పోయేవి. ఇన్నేళ్ళూ ఆ మాటను పట్టుకునే కుదురుగా బతికాడు.

మొన్న మనవరాలు లక్ష్మీప్రసన్నకు పీజీలో సీటొచ్చింది. చదువు మొక్కల చదువు, చోటు పుల్లారావు చదివిన యూనివర్సిటీయే. కొడుకు గోవర్ధన్‌కు మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో సెలవు దొరక్కపోవడంతో, పిల్లను చేర్పించడానికి యల్లయ్యే బయలుదేరాడు. నిజానికి సెలవు దొరికినా అతను ఆగేవాడు కాదు. ఆ ఎండుగడ్డి ఏమైందో చూడాలని నలభై ఆరేళ్ళుగా మనసు పీకుతూనే ఉంది. “నా పేరు ఉంచినారో పీకేసినారో సూసిరా” అని కోటమ్మ పని అప్పగించింది.

యూనివర్సిటీకి వందేళ్ళు నిండిన సంబరాలు జరుగుతున్నాయి. పెద్ద హాల్లో దాని చరిత్రంతా పటాలు కట్టి పెట్టారు. లక్ష్మీప్రసన్న చదువుతుంటే యల్లయ్య చేతులు వెనక్కి కట్టుకుని విన్నాడు. మొదట అద్దె బంగళాల్లో పాఠాలు చెప్పారట. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో పుస్తకాలన్నీ పెట్టెలకెత్తి వేరే ఊరికి తరలించారట.

“మనం మందను వలస తోలినట్టు” అన్నాడు యల్లయ్య. “మల్లా తిరిగొచ్చేసరికి ఎన్ని తప్పిపోయినాయో లెక్క రాసినారా?”

“అది రాయలేదు తాతా.”

ఇంకో గోడ నిండా ఇక్కడ చదివి పేరు తెచ్చుకున్నవాళ్ళ ఫొటోలు. జడ్జీలు, శాస్త్రవేత్తలు, కలెక్టర్లు, మంత్రులు. ఒక్కొక్కరి ముందూ ఆగి “ఈయనేం జేసినాడు? ఈమెది ఏ ఊరు?” అని అడిగాడు. “ఇంతమందికి అన్నం వండి పెట్టినోళ్ళ పటం ఏ గోడకుంది?” అన్నాడు. మూడో వరసలో కళ్ళద్దాలు కనపడ్డాయి. జుట్టంతా తెల్లబడింది గానీ ఆ నవ్వు అదే. పుల్లారావు పోయి ఆరేళ్ళయిందని కింద రాసి ఉన్నది పిల్ల చదివి చెప్పింది. కనపడితే ఆనాడు అబద్ధం చెప్పానని ఒప్పుకుందామని వస్తే, ఒప్పుకునేందుకు మనిషి లేడు.

ఎండు మొక్కలు దాచే గదికి అనురాధ మేడమ్ అధికారి. సంగతి విని ఇనప బీరువా తెరిచి, వెతికి వెతికి ఒక అట్ట తీసుకొచ్చింది. దాని మీద రంగు పోయి, ఆకారం చెడని మొక్క. లక్ష్మీప్రసన్న చదివింది: “స్థానికుల పేరు: కోటమ్మాకు. చెప్పినవారు: యల్లయ్య, గొర్రెల కాపరి, అర్ధవీడు.”

తాతామనవరాళ్ళు నవ్వారు. అట్ట అడుగున పెన్సిల్‌తో ఇంకేదో ఉంది. అదీ పిల్లే చదివింది.

“ఇది అసలు పేరు కాదు. కోటమ్మ ఆయన భార్య అని బయలుదేరే రోజు తెలిసింది. చెప్పకూడదన్న కట్టుబాటు ఏదో ఉన్నట్టుంది. నేను అడగలేదు. ఎప్పుడైనా చెబితే కింద రాయాలి.”

కింద ఒక గీత. దాని మీద ఏమీ లేదు.

“తెలిసి కూడా నన్నొక మాట అనలేదు” అన్నాడు యల్లయ్య. కళ్ళు తుడుచుకోవడానికి తువ్వాలు చాలలేదు.

“చెప్పమని మేమూ బలవంతం చేయం తాతగారూ” అంది అనురాధ.

యల్లయ్య ఆ గీతకేసి చూశాడు. గోవర్ధన్ చెవిలో వేస్తే లాభమేముంది? వాడికి పొట్టేలేదో మేకపోతేదో తెలిస్తే గొప్ప. మొక్కల కోసం ఇంతదూరం వచ్చిన పిల్ల పక్కనే నిలబడి ఉంది. నాయనకు మనసులోనే దండం పెట్టుకుని, నోరు తెరిచి పేరు చెప్పేశాడు. ఆకాశం విరిగి మీద పడలేదు. అనురాధ గీత మీద రాసింది.

ఊరికొచ్చిన వారానికే మందలో ఒక గొర్రెకు కొమ్ము వెనక పుండుపడి పురుగు పట్టింది. యల్లయ్య పుండుకు పిండకుండా ఆకును నూరిందే నూరుతూ కూర్చున్నాడు.

“పసరు పని జెయ్యకపోతే నీ పేరు పోతదని భయమా?” అంది కోటమ్మ.

“అది గాదే. పని జేస్తదేమోనని.”

కోటమ్మ పక్కన కూర్చుని గొర్రె తల పట్టుకుంది.

మూడోరోజు పొద్దున చూస్తే పురుగు రాలిపోయింది. పుండు శుభ్రంగా ఎండింది. గొర్రె తుమ్మకాయలు నములుతోంది. యల్లయ్య దొడ్డిలో నేల మీదే కూలబడి, ఇరవై మూడు, ఇరవై మూడు అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తర్వాత లేచి, ఒక మొక్కను వేళ్ళతో సహా పెరికి, బాలకృష్ణ ఇంటికి నడిచాడు. బాలకృష్ణ అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. యల్లయ్య మొక్కను అతని ఒళ్ళో పెట్టాడు.

“దీని పేరు ఈగమల్లి బావా. అప్పుడు నీకు చెప్పలేదే, ఆ ఆకు ఇదే” అన్నాడు.

బాలకృష్ణ గ్లాసు పక్కన పెట్టి, మొక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇదా?” అన్నాడు. “ఇది ఆ రోజుల్లో మా దొడ్డెనక అంతా ఉండె గదా బావా.”